గడప దగ్గర చెక్కే రేకు

మా నాయన చేసిన సింహద్వారం ఏదీ అంగట్లో పూర్తయ్యేది కాదు. తలుపు నడుమ పెద్ద తామరపువ్వు చెక్కేవాడు. అన్ని రేకులూ చెక్కి, కింది వరసలో ఒక్క రేకు మాత్రం పెన్సిలుతో గీసి వదిలేసేవాడు. ఆ రేకు చెక్కడం ఇంటి గడప దగ్గరే. తలుపు బిగించడం అయ్యాక ఇంటి యజమానిని లోపల నిలబెట్టి తలుపు మూయించేవాడు. తను బయట ఒక చేతిలో ఉలి, ఒక చేతిలో కొయ్యసుత్తి పట్టుకుని నిలబడి గొంతెత్తి పిలిచేవాడు.

"యజమానీ, ఇంట్లో ఉండావా?"

లోపలి మనిషి "ఉండాను, రా" అనాలి. ఆ మాట వినబడ్డాకే ఉలి మీద మొదటి దెబ్బ పడేది. రేకు పూర్తయ్యాక లోపలి మనిషి తలుపు తెరిచేవాడు. నాయన కుడికాలు ముందు పెట్టి లోపలికి పోయేవాడు.

ఇది ఏ శాస్త్రంలో రాసిపెట్టారో నాకు తెలియదు. మా తాత చేసేవాడట, అందుకని నాయన చేసేవాడు. మా వీధిలో తక్కిన వడ్రంగి ఆచార్లు ఎగతాళి చేసేవాళ్లు, గృహప్రవేశం భోజనం తప్పిపోకుండా ఈయన రేకు మిగిల్చుకుంటాడని. వాళ్లతో పాటు నాయన కూడా నవ్వేవాడు. "పిలిస్తే పలికే మనిషి లేకపోతే అది ఇల్లెట్లయితాదప్పా?" అనేవాడు. అట్లాంటి మనిషి కన్నకొడుకుతో మాట్లాడటం మానేశాడు. నేను చెప్పబోయేది ఆ సంగతే.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు పోయే ఒక సందులో మా అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. రంపపు పొట్టు మా పడకల్లో, మా తలల్లో, అమ్మ ఎంత మూత పెట్టినా పెరుగులో కూడా ఉండేది. నేను అప్పటికి బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రికలూ లాడ్జీల బోర్డులూ కంప్యూటర్లో చేస్తుండేదాన్ని. అన్న నాయన దగ్గరే పని నేర్చుకున్నాడు. వాడికి మాట తక్కువ, పంతం ఎక్కువ. ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో మాకందరికీ తెలుసు, నాయనకు తప్ప.

రెండువేలు దాటిన తర్వాత కొన్నేళ్లకు తిరుపతిలో యాడ చూసినా అపార్టుమెంట్లూ లాడ్జీలూ లేస్తున్నాయి. ఒక్కొక్కరు వచ్చి ఒకే రకం తలుపులు ఇన్ని కావాలని అడిగేవాళ్లు. నాయన ఒక తలుపు పట్టుకుంటే నెల. వచ్చినవాళ్లు వెనక్కి పోతుంటే అన్న గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఒకసారి కోయంబత్తూరు పోయి వచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు లారీలో మిషను దిగింది. మంచమంత బల్ల, దాని మీద అడ్డంగా ఒక ఇనుప దూలం, దూలానికి మోటారు, మోటారు చివర పెన్సిలు మందం బిట్టు. కంప్యూటర్లో గీత ఎట్లా గీస్తే బిట్టు కొయ్య మీద అట్లా నడుస్తుంది. గీత గీసే పని నాది. నేను డీటీపీ సెంటరు మానేసి అంగట్లో కూర్చున్నాను.

మిషను రావడం గురించి నాయనకు తెలుసు. వద్దనలేదు. తెలియనిది ఒక్కటే. దాన్ని పెట్టడానికి అంగట్లో గట్టి నేల ఒక్క చోటే ఉంది. తూర్పు కిటికీ కింద. నాయన పీట ఉండేది ఆ కిటికీ కిందే. ఆ రోజు నాయన టేకు చూడటానికి చిత్తూరు సామిల్లుకు పోయాడు. లారీ వాళ్లు తొందర పెట్టారు. అన్న పీటనూ ఉలుల పెట్టెనూ ఎత్తి బయట వరండాలో పెట్టాడు.

నాయన సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. కిటికీ వైపు చూశాడు. కాళ్లు కడుక్కున్నాడు. వచ్చి వరండాలో పీట మీద కూర్చున్నాడు.

"ఈడ గూడా వెలుతురు బాగుంటాది నాయనా," అన్నాడు అన్న.

నాయన పలకలేదు. ఒక మాట అడిగి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. పీట జరపడం చిన్న సంగతని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆ కిటికీ వెలుతురులో నా చిన్నప్పటి నుంచి ఆ మనిషిని చూసినదాన్ని, నేను అనలేను.

ఆ రోజు నుంచి అన్నతో మాట బంద్. చెప్పాల్సింది ఉంటే నా ముఖం చూసి చెప్పేవాడు. "మిషను సారుకు చెప్పు, అన్నం సల్లారిపోతా ఉండాదని." మొదట్లో మేం నవ్వుకున్నాం. అన్న కూడా నవ్వాడు. నాలుగు రోజులకు పోతుందిలే అనుకున్నాం. పోలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొట్టు పీలుస్తూ, ఒకరి పక్కన ఒకరు కూర్చుని తింటూ ఏడాది పైన గడిపారు. అమ్మ ఇద్దరికీ మధ్యలో సాంబారు వడ్డిస్తూ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేది.

ఆ మధ్యలోనే అన్నా వదినా కరకంబాడి వైపు ఉన్న మా స్థలంలో ఇల్లు మొదలుపెట్టారు. ద్వారబంధం నిలబెట్టే రోజు వచ్చింది. ఆ గుమ్మాన్ని అన్న మిషను మీద చేయలేదు. నాయన చూస్తాడని చేత్తోనే చెక్కాడు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కింద నవధాన్యాలు పోసి, అందరం ఎదురుచూశాం. నాయన రాలేదు. అమ్మ బతిమాలితే "నాకు మోకాళ్లు నొప్పి" అన్నాడట. ముహూర్తం దాటిపోతుంటే అన్నే గుమ్మం నిలబెట్టాడు. ఆ రోజు వాడి ముఖం చూడలేక నేను మేస్త్రీతో ఏదో పనిలేని మాట మాట్లాడుతూ నిలబడ్డాను. అన్న ఆ తర్వాత నాయనను పలకరించే ప్రయత్నం కూడా మానేశాడు.

నాయన మాత్రం వరండాలో ఒక తలుపు చెక్కుతూ ఉన్నాడు. మంచి చిత్తూరు టేకు. ఎవరిదని అడిగితే "చేయించుకునేవాళ్లు వస్తారులే" అనేవాడు. అంత శ్రద్ధగా ఆయన చెక్కడం నేను చూడలేదు. చెక్కిన చోటల్లా చూపుడు వేలితో తడుముకునేవాడు. కళ్లు మూసుకుని, గుడ్డివాడి లాగా, రేకు రేకూ తడిమేవాడు. కంటికి కనబడని ఎత్తుపల్లాలు వేలికి తెలుస్తాయట. ఒక్కచోట ఉలి జారి పై రేకు అంచున గోరంత గాటు పడింది. అది చూసుకుని చాలాసేపు పని ఆపేశాడు. తర్వాత గాటును అట్లాగే వదిలి చెక్కుకుంటూ పోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి వరండాలో పడుకున్నాడు. కాఫీకి లేపితే లేవలేదు.

కర్మకాండలన్నీ అన్న తలవంచుకుని చేశాడు.  ఒక్కసారి అమ్మను అడిగాడు, "పోయే ముందు నా గురించి ఏమన్నా అనినాడా?" అని. అమ్మ అబద్ధం చెప్పి ఉండాల్సింది. మా అమ్మకు అబద్ధం రాదు. "సాంబార్లో ఉప్పు తక్కువైందన్న్యాడు. అంతే," అంది.

వాడికి కావాల్సింది ఆ ఒక్క మాటే. తనను నాయన క్షమించాడా లేదా. అది చెప్పగలిగే నోరు ఇంక లేదు.

వరండాలో తలుపు మిగిలింది. రేకులన్నీ అయ్యాయి, కింది వరసలో ఒకటి పెన్సిలు గీతగా ఉంది. తలుపు వెనక మేకుకు నాయన కొలత దారం చుట్టి ఉంది. నాయన టేపు వాడడు. దారం పట్టి, ఎత్తుకు ఒక ముడి, వెడల్పుకు ఒక ముడి వేస్తాడు. దారం సాగుతుంది కదా నాయనా అంటే నా చేతిలో సాగదు అనేవాడు. ఇంటి యజమాని పేరుబలానికి ఆయం అనే కొలత లెక్క కట్టి గుమ్మం పెడతారు కాబట్టి ఒక ఇంటి కొలత ఇంకో ఇంటికి సరిపోవడం అరుదు.

తలుపు అడగడానికి ఎవరూ రాలేదు. అన్న ఆ దారం జేబులో పెట్టుకుని నాయనకు తెలిసిన వాళ్లందరినీ అడిగాడు. కొత్త ఇళ్లు కట్టేవాళ్ల గుమ్మాలకు పట్టి చూశాడు. శ్రీకాళహస్తి దాకా పోయి వచ్చాడు. ఎక్కడా సరిపోలేదు. తలుపును గోనెపట్టాతో కప్పి వరండా గోడకు ఆనించాం. వీధిలో ఎవరైనా ఆగితే చాలు, తలుపు కోసం వచ్చారేమోనని ఇద్దరం తలలు ఎత్తేవాళ్లం.

తర్వాత ఒక రిటైరైన బడి అయ్యవారు వచ్చారు. వాళ్ల పెద్ద కూతురు ఇంటికి నాయన తలుపు చేశాడు. చిన్న కూతురికీ అట్లాంటిదే కావాలన్నారు. చేసేవాడు లేడు. అప్పుడు అన్న గోనెపట్టా తీశాడు.

మా మిషనుకు బిట్టు తీసి సూది లాంటిది బిగించవచ్చు. ఆ సూది బల్ల మీద పెట్టిన చెక్కడాన్ని చుక్కచుక్కగా తాకుతుంది. తాకిన చోటల్లా లోతు కంప్యూటర్లోకి చేరుతుంది. చెక్కడం మొత్తం తాకడానికి రోజులు పడతాయి. అన్న తలుపును మిషను మీద పడుకోబెట్టాడు. తూర్పు కిటికీ కింద, నాయన కూర్చున్న చోటికి సరిగ్గా, ఆ సూది కిందికి దిగి తాకడం మొదలుపెట్టింది. టక్. కొంచెం జరగడం. టక్. రేకు అంచు పట్టుకుని పైకి ఎక్కడం, లోపలికి దిగడం. నేను స్క్రీను చూడాల్సింది, చూడలేకపోయాను. నాయన వేలు తడిమిన దారినే అది తడుముతోంది. నాకు భయమేసింది. పట్టపగలు, పక్కన అన్న ఉన్నాడు, వీధిలో ఆటోలు పోతున్నాయి, అయినా భయం పోలేదు.

వంటింట్లో నుంచి అమ్మ గొంతు వినబడింది. "ఎవురది చెక్కతా ఉండేది? మీ నాయనేనా?"

ఆమె మరచిపోయి అడిగింది. అడిగాక గుర్తొచ్చి ఉంటుంది, మళ్లీ మాట వినబడలేదు. అన్న లేచి బయటికి పోయాడు. సూది మాత్రం తన పని తను చేసుకుంటూ పోయింది.

మొదటి తలుపు మిషను మీద నుంచి దిగింది. అచ్చుగుద్దినట్టు నాయన పువ్వే. పై రేకు అంచున ఉలి జారిన గాటు కూడా వచ్చింది. కింది వరసలో ఒక రేకు ఖాళీగా వచ్చింది. కంప్యూటర్లో పక్క రేకును కాపీ చేసి తిప్పి అతికిస్తే సరి, చిటికెలో పని. చేసి చూపించాను. స్క్రీను మీద పువ్వు నిండుగా కనబడింది. అన్న కాసేపు చూశాడు.

"తీసెయ్ పాపా," అన్నాడు. "అది గడప కాడ చెక్కేది."

"ఎవురు చెక్కేది?"

వాడు నాయన ఉలుల పెట్టె తీసుకుని వరండాలో కూర్చుని నూరడం మొదలుపెట్టాడు.

అయ్యవారి చిన్న కూతురి ఇంటికి నేనూ పోయాను. తలుపు బిగించారు. అయ్యవారు లోపలికి పోయి తలుపు మూశారు. అన్న బయట నిలబడ్డాడు. మిషను వచ్చాక వాడు ఉలి ముట్టింది తన గుమ్మానికే. గొంతెత్తి పిలిచాడు, "యజమానీ, ఇంట్లో ఉండావా?"

అది నాయన గొంతు. పోలిక అని ఇప్పుడు అనుకుంటాను, తండ్రీకొడుకుల గొంతులు కలవడం వింతేం కాదు. అప్పుడు మాత్రం నేను చటుక్కున వెనక్కి తిరిగి చూశాను. లోపలి నుంచి అయ్యవారు వెంటనే పలకలేదు. కాసేపటికి "ఉండాను, రా" అన్నారు. అన్న రేకు చెక్కాడు. నాయన రేకంత బాగా రాలేదు. తలుపు తెరిచి అయ్యవారు వాడిని తేరిపార చూసి, "ఒక్క నిమిషం మీ నాయనే వచ్చినాడనుకున్యా," అన్నారు.

ఆ తర్వాత ఎన్ని తలుపులు దిగాయో. ఎవరింటికి తలుపు పోయినా అన్న ఉలి పట్టుకుని వెనకే పోయేవాడు, పిలిచేవాడు, ఒక్క రేకు చెక్కి వచ్చేవాడు. మాతో పనిచేసేవాళ్లు పిచ్చి అన్నారు. వదిన కూడా అంది. నాకు ఇంకో బాధ. తిరుపతిలో ఏ వీధిలో పోతున్నా ఏదో ఒక ఇంటి తలుపు మీద ఆ గాటు కనబడేది. ఒకసారి జారిన ఉలి ఇంటింటా మళ్లీ మళ్లీ జారుతూ ఉన్నట్టుండేది. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. చూశాక ఇంటికొచ్చేదాకా నాయన వెనక నడుస్తున్నాడనిపించేది. అది మంచిగా అనిపించిందా అంటే, లేదు. ఆయన ఏదో చెప్పాలని వస్తున్నాడు, మాకు వినబడటం లేదు, అదీ నాకు అనిపించింది.

సంవత్సరీకం అయ్యేదాకా గృహప్రవేశం చేయకూడదు. అన్న ఇల్లు ఇనుప రేకు తలుపు అడ్డం పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది. తిరుపతికంతా తలుపులు చేసేవాడి ఇంటికి డబ్బా రేకు అని అందరూ నవ్వారు. సంవత్సరీకం ముగిశాక, ఇంక తలుపు చేయాలి కదా అని, కొలత తీసుకోవడానికి ఇద్దరం బండి మీద పోయాం. పక్క స్థలంలో గుడిసె వేసుకుని మా ఇటుకకూ సిమెంటుకూ కాపలా ఉన్న ఒక ముసలామె, అన్న టేపు తీయడం చూసి దగ్గరికి వచ్చింది.

"మళ్లా కొలస్తా ఉండావేంది సామీ? మీ నాయన దారం పెట్టి కొల్చుకొని పాయ కదా."

అన్న టేపు పట్టుకునే ఉన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు.

"ఈ గుమ్మం పెట్టిన మర్నాడే. మీరు లేనప్పుడు వస్తా ఉండె. వచ్చి ఈ గడప మీద కూసోని, గుమ్మం మీద చెక్కింది యేలుతో తడుముకుంటా ఉండె. ఎవురు చెక్కినారు సామీ అంటే నా కొడుకు అన్న్యాడు. నీకు చెప్పొద్దన్న్యాడు సామీ. పెద్దాయన మాటని నేనూ చెప్పలా."

అన్న జేబులో నుంచి దారం తీశాడు. ఆ దారాన్ని వాడు ఊరందరి గుమ్మాలకు పట్టి చూశాడు. తన గుమ్మానికి పట్టి చూడలేదు. మాలో ఎవరికీ తోచలేదు. ద్వారబంధానికి రాని మనిషి కొలతకు వస్తాడని ఎవరనుకుంటారు? నేను ఒక కొస పట్టుకున్నాను. గుమ్మం పై అడ్డచెక్క దగ్గర నుంచి గడప దాకా. ముడి దగ్గర సరిగ్గా ఆగింది. అడ్డంగా పట్టాం. ఆగింది.

అన్న గడప మీద కూర్చున్నాడు, నాయన కూర్చున్న చోటే. దారాన్ని వేలికి చుట్టుకుంటూ అన్నాడు, "బిగించినాక పిలవాల కదా పాపా. పిలవకుండా ఆ రేకు చెక్కడు."

నాకు అప్పుడు తెలిసింది. ఏడాది పైన పలకని మనిషి ఆ మాటను ఈ గుమ్మం కోసం దాచుకున్నాడు. తలుపు పట్టుకుని వచ్చి, కొడుకును లోపల నిలబెట్టి, బయట నుంచి పిలవాలనుకున్నాడు. పంతం పోకుండా మాట్లాడటానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. అంత పెద్ద తలుపు చెక్కే బదులు "ఒరే" అని ఉంటే సరిపోయేది.

గృహప్రవేశం ఉదయం నాయన తలుపు బిగించాం. ఖాళీ రేకు ఖాళీగానే ఉంది. మామూలుగా బయట నిలబడి పిలిచే అన్న ఆ రోజు యజమాని. లోపలికి పోయి తలుపు మూసుకున్నాడు. బయట అమ్మ, నేను, కలశం పట్టుకుని వదిన, కొంచెం ఎడంగా వచ్చినవాళ్లు. గడప పక్కన ఉలీ కొయ్యసుత్తీ పెట్టి ఉన్నాయి. వాటిని ముట్టుకునేవాళ్లు లేరు. పిలిచే గొంతు ఇంకొకటి మా ఇంట్లో లేదు. పురోహితుడు గడియారం చూసుకున్నాడు. నేను పిలుద్దామనుకుని అమ్మ వైపు చూశాను.

 పక్క స్థలంలో కోడి ఒకటి మట్టి గీరుతోంది.

లోపలి నుంచి అన్న గొంతు వినబడింది.

"ఉండాను నాయనా. రా."

మేమెవరం పిలవలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని గడప ముందు నుంచి పక్కకు లాగింది. కొంగు సర్దుకుని, దారికి అడ్డం లేకుండా తనూ జరిగి నిలబడింది.